కాపలావాణ్ణి అడిగిన బాబాయి

వేసవి వచ్చిందంటే మా క్లినిక్‌కి కోతకూలీలు భుజాల నొప్పులతో వరస కడతారు. మొన్న ఒకాయన బల్ల మీద కూర్చోగానే గదంతా మామిడి సొన వాసన కొట్టింది. తొడిమ తుంచినప్పుడు చిమ్మే సొన ఒంటిమీద పడితే చర్మం కాలుతుంది, వాసన ఎంత కడిగినా వదలదు. నా చేతులు ఆయన భుజం మీద ఉన్నాయి గానీ మనసు ప్రకాశరావు బాబాయి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా తప్ప ఆయన చొక్కాలన్నీ ఇదే వాసన.

ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటాయన. ఆగిరిపల్లి చుట్టుపక్కల తోటల్లో పంట కొని కాయ అమ్ముకునేవారు. మా వైపు చాలామంది చెట్టు పూత మీద ఉండగానే బేరం కుదుర్చుకుంటారు. బాబాయి మాత్రం ఆసామి ఇచ్చిన కాఫీ తాగి, ఆయన చెప్పిందంతా తలూపుతూ విని, నేరుగా కాపలావాడి గుడిసెకి పోయేవారు. పక్కనే చతికిలబడి, “పోయినేడు గాలికి ఎంత రాలింది? ఏ చెట్లు కాయకుండా మొండికేశాయి?” అని అడిగేవారు. ఆ తర్వాతే ధర మాట్లాడేది.

మంచాన పడ్డ మా నాయనమ్మని ఒక ఫిజియోథెరపిస్టు మూడు నెలల్లో నడిపించడం చూసినప్పటినుంచీ నాకు ఆ చదువు మీదే ధ్యాస. ఇంటర్ కాగానే ఒక పెద్ద కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు ఉందన్నారు. హాస్టలుతో కలిపి ఎనిమిది లక్షలు. మాకున్నదల్లా రెండెకరాల రసాల తోట. నాన్న దాని కాగితాలు తాకట్టు పెట్టడానికి సిద్ధమైపోయారు. నెలకి ముప్పై ఐదు వేల జీతం, మూడేళ్లలో అప్పు మాయం అని నోటుబుక్కులో లెక్క వేసి, పెద్ద మొనగత్తెలా బాబాయికి చూపించాను.

“ఈ ముప్పై ఐదు వేలు ఎవరు చెప్పారే?”

“కాలేజీ వాళ్ళే బాబాయ్ గారూ.”

“అంటే ఆసామిని అడిగొచ్చావన్నమాట. పద, బండెక్కు.”

ముందు నూజివీడులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ ఫిజియోథెరపీ చేసే కుర్రాడు “బానే ఉంటుందండీ” అని నవ్వేశాడు. బాబాయి కదల్లేదు. “అది కాదు బాబూ, మొదటి నెల చేతికెంతొచ్చింది?” కుర్రాడు ఓసారి తలుపు వైపు చూసి, “పదకొండు వేలండీ,” అన్నాడు మెల్లగా. “మరి అప్పు?” “నాన్నగారు కడుతున్నారండీ.” అక్కణ్ణించి విస్సన్నపేట. అక్కడ సొంతంగా గది పెట్టుకున్న ఒక మేడమ్, “మొదటి మూడేళ్లూ ఏడిపిస్తుందమ్మా. తర్వాత పేషెంట్లే పేషెంట్లని పంపుతారు. పని మాత్రం బంగారం,” అన్నారు.

తిరిగొస్తుంటే దారిలోనే బండి ఆపించి ఏడ్చేశాను. “అంటే నన్ను చదవొద్దంటారా? ఆ మాట ఇంట్లోనే చెప్పొచ్చుగా!”

“ఓసి పిచ్చిమొహమా, చదవొద్దని ఎవరన్నారు? ధర తగ్గించమంటున్నా.” బండికి స్టాండు వేసి, “కొత్తలో నేనూ పూత చూసి మురిసిపోయి ఒక తోట కొన్నా. మీ పిన్ని గాజులు పోయాయి దాంతో. ఇప్పటికీ ఆవిడ ఒక్క మాట అనదు, అదే నా బాధ,” అన్నారు.

మేనేజ్‌మెంట్ సీటు వదిలేసి, ర్యాంకు మీద వచ్చే కన్వీనర్ సీటు కోసం ఆగాను. కౌన్సెలింగ్ చివరి విడత దాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. సీటు రాకపోతే ఏడాది వృథా అని నాన్న బాబాయితో మాట్లాడ్డం కూడా మానేశారు. చివరికి ఒక చిన్న కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చింది. ఫీజులో చాలా భాగం ప్రభుత్వమే కట్టింది. మిగతా ఖర్చులకి రెండు లక్షల చిల్లర లోను సరిపోయింది, తోట కాగితాలు మా బీరువాలోనే ఉన్నాయి. ఆ సాయంత్రం నాన్నే వెళ్ళి బాబాయి అరుగు మీద కూర్చున్నారు. నా మొదటి జీతం పన్నెండు వేలు. ఎనిమిది లక్షల అప్పుంటే ఆ జీతంతో ఏమైపోయేవాళ్ళమో తలచుకుంటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు బాబాయికి పక్షవాతం వచ్చింది. రోజూ డ్యూటీ అయ్యాక వెళ్ళి కాలూ చెయ్యీ ఆడించేదాన్ని. మొదటిరోజే దిండు కింద నుంచి డబ్బులు తీశారు.

“మీ దగ్గర ఫీజేంటి బాబాయ్ గారూ!”

“లోను తీరిందా?” మాట ముద్దగా వచ్చింది.

“ఇంకా ఏడు నెలలుంది.”

“అయితే నోర్మూసుకుని తీసుకో.”

ఏడు నెలలూ తీసుకున్నాను. కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచే స్థితికి వచ్చారు. ఆఖరి వాయిదా కట్టిన రోజు రసీదు చూపిస్తే, కళ్ళజోడు పెట్టించుకుని మరీ చదివి, “రేపట్నించి ఊరికే చెయ్యి,” అన్నారు. ఆ రాత్రి ఇంటికి వెళుతూ ఎంత సంబరపడ్డానో! ఊరికే చెయ్యనిచ్చింది పదకొండు రోజులే. పన్నెండో రోజు నేను వెళ్ళేసరికే బాబాయి పోయారు, పిన్ని గుమ్మంలో కూర్చుని ఉంది.

ఇప్పుడు ఈ చదువు గురించి ఏ పిల్ల వచ్చి అడిగినా నా మొదటి జీతం, ఇప్పటి జీతం, అప్పు తీర్చడానికి పట్టిన కాలం అన్నీ చెప్పేస్తాను. జీతం బయటపెడితే పరువు పోతుందని తోటివాళ్ళు కసురుతారు. పోతే పోనీ. అడిగినవాళ్ళకి నిజం చెప్పే కాపలావాడు ఒకడుండాలి కదా.