ఎర్రగుడ్డ కట్టిన స్టీలు డబ్బా

పసుపు, తడిమట్టి, పాత గుడ్డ కలిస్తే ఒక వాసన వస్తుంది. మొన్న ఆదివారం బడంగ్‌పేటలో మా అన్న కట్టుకున్న ఇంటి వెనక, ఇంకా ఎవరూ గోడ లేపని ఒకే ఒక్క ఖాళీ ప్లాటులో, మా అన్న ఏడేళ్ళ కూతురు సహస్ర ఫోను పట్టుకుని, అందులో బాణం గుర్తు ఎటు తిరిగితే అటు తిరిగీ తిరిగీ, ఫోను ఇక చేతులెత్తేశాక తనే బండల సందులో చెయ్యి పెట్టి, ఎర్రగుడ్డ కట్టిన స్టీలు డబ్బా బయటికి లాగి, "దొరికింది తాతా!" అని కాలనీ అంతా వినబడేట్టు అరిచింది. ఆ వాసన అప్పుడు నా దాకా వచ్చింది. డబ్బా దాచింది మా నాయిన. రిటైరయ్యాక ఆయనకు ఇదే పని, వారానికొక డబ్బా దాచడం, మనవరాలు వెతుకుతుంటే నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని మీసాల్లో నవ్వుకోవడం. ఏడేళ్ళ పిల్ల మీద కుళ్ళేమిటని మీరు నవ్వితే నవ్వండి గానీ, నాకు మాత్రం కడుపు భగ్గుమంది. ముడి బిగుసుకుపోయి దాని చిన్న గోళ్ళకు రావడం లేదు. రాకపోతేనే బాగుండుననిపించింది.

ఈ ఆట నాకు కొత్త కాదు. మేము దేవరకొండ వైపు పల్లె నుంచి వచ్చి కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి వెనక గల్లీలో కిరాయికున్న రోజులవి. నాయిన బస్సు డ్రైవరు. తెల్లవారకముందే డ్యూటీకి పోయి మేము పడుకున్నాక వచ్చేవాడు కాబట్టి, నా చిన్నతనంలో నాయినంటే ఎక్కువగా కొక్కేనికి వేలాడే ఖాకీ చొక్కా, దాని డీజిల్ వాసన, కడిగి బోర్లించిన ఆయన స్టీలు టిఫిను డబ్బా, అంతే. డబ్బా మూత ఒకపక్క సొట్ట. అదే ఇంట్లో పక్క పోర్షన్‌లో తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉండేవారు. వాళ్ళమ్మాయి కీర్తన నా ఈడుదే, నా తరగతే. ఆ పిల్లకు నాన్న రోజూ సాయంత్రం దీపాలు పెట్టకముందే ఇంటికొచ్చేవాడు. అక్కడ మొదలైంది నా ఏడుపు.

వాళ్ళ నాన్న ఏదో కంపెనీ తరఫున భూములు కొలిచేవాడు. చేతిలో ఇమిడే ఒక యంత్రం ఉండేది, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలతో మాట్లాడి నువ్వు ఎక్కడ నిలబడ్డావో అంకెల్లో చెప్పేది. ఆయన ఖాళీ ఫిల్ము డబ్బాల్లో, అగరొత్తుల డబ్బాల్లో స్టిక్కర్లు, గోలీలు, చిప్సు పొట్లాల్లో వచ్చే చిన్న బొమ్మలు వేసి, ఎండిన కాలువ మోరీ అంచున, ఊడిన ఇటుక వెనక, సీతాఫలం చెట్టు మొదట్లో దాచి, ఆ చోటు అంకెలు కూతురి చేతిలో పెట్టేవాడు. విదేశాల్లో ఇంటిల్లిపాదీ ఆదివారం పూట ఆడుకుంటారట ఈ ఆట. నన్నూ వెంట రానిచ్చేవారు. "చూడమ్మా మౌనికా, యంత్రం దగ్గరదాకా తీసుకెళ్ళి వదిలేస్తుంది. ఆ తర్వాత నీ కళ్ళే. నేనైతే ఎక్కడ దాస్తానా అని ఆలోచించాలి. తవ్వకూడదు, కొమ్మ విరవకూడదు. ఒకటి తీసుకుంటే తగినది ఇంకోటి పెట్టాలి, డబ్బా మళ్ళీ ఉన్నచోటే ఉంచాలి. దాచినవాళ్ళు మాత్రం ఎక్కడుందో చచ్చినా చెప్పకూడదు," అనేవారు. మంచివారు. అందుకే ఇంకా మండేది నాకు. చాలాసార్లు డబ్బా నా కంటికే ముందు పడేది, అయినా చెయ్యి పెట్టబుద్ధయ్యేది కాదు. ఎవరు చూసినా అది కీర్తన కోసం వాళ్ళ నాన్న దాచింది. నేను తోడు వచ్చినదాన్ని. కీర్తనకు రెండు జడలకూ కొత్త రిబ్బన్లు, కీర్తన టిఫిన్లో నెయ్యి వాసన, చివరికి కీర్తన రబ్బరుకు కూడా స్ట్రాబెరీ వాసన. ఆ గులాబీరంగు రబ్బరు మీద పెన్నుతో తన పేరులో మొదటి ఇంగ్లీషు అక్షరం రాసుకుని, క్లాసులో అందరికీ ఒక్కోసారి వాసన చూపించేది. నాకు రెండుసార్లు చూపించేది, స్నేహితురాలినని. అది చూసి కూడా ఏడ్చేదాన్ని.

ఆ ఏడు తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బళ్ళు మూతపడ్డాయి, ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగాయి. వంటా వార్పూ అంటే మా పిల్లలకు పండగే. టెంటు కింద డప్పులు, పాటలు, అడ్డంగా రాళ్ళ పొయ్యి మీద పెద్ద గుండిగలో బగారా అన్నం, షాజీరా వాసన దిల్‌సుఖ్‌నగర్ దాకా కొట్టేదని మా అన్న కోతలు కోసేవాడు. రోజూ బండ్లతో కిక్కిరిసే రోడ్డు మీద విస్తరి వేసుకుని కూర్చుని తినడం ఎంత గొప్పగా ఉండేదో చెప్పలేను. స్టీరింగు పట్టే చేతులతో నాయిన గంటె తిప్పుతుంటే, ఈయన నా నాయిన అని ప్రతివాళ్ళకూ చెప్పాలనిపించేది. అన్నిటికంటే, నాయిన సాయంత్రానికి ఇంట్లో ఉన్నాడు. జీతం లేదని అమ్మ మొహం వేలాడేసుకుంటే, నాకు మాత్రం సమ్మె ఎన్నటికీ అయిపోవద్దని ఉండేది. ఇంకేం, నాకూ నాయిన దొరికాడు కదా అని ఒకరోజు అడిగేశాను.

"నాయినా, నువ్వు గూడ నాకోసం ఒక డబ్బ దాయరాదు?"

"దాసుడెందుకు బిడ్డా, చేతికిస్తే అయిపాయె గదా," అన్నాడు.

ఆట ఎట్లాగో అంతా చెప్పాను. అంకెలక్కర్లేదు, నువ్వు దాచు చాలు అన్నాను. దాసినోళ్ళు చెప్పొద్దు, చెప్తే ఆట పాడైతది అని మరీమరీ ఒట్టు వేయించుకున్నాను. నాయిన సరే సరే అని తల ఊపి బీడీ ముట్టించుకున్నాడు. మరచిపోయాడనే అనుకున్నాను. రెండు రోజులు అలిగి ఆయన ముద్దలు కలిపి పెట్టినా తినలేదు.

బతుకమ్మ దగ్గరపడింది. అమ్మ సత్తుపిండి, మలీద చేయడానికి బెల్లం దంచుతుంటే ఇల్లంతా కమ్మగా ఉండేది. పండుగ బజారు చేద్దామని దిల్‌సుఖ్‌నగర్ పోయినప్పుడు ఫుట్‌పాత్ మీద ఆకుపచ్చ మట్టిగాజులు చూశాను, బంగారు చుక్కలవి. వెంట వచ్చిన నాయిన చూస్తుండగానే కాళ్ళు నేలకు కొట్టి ఏడ్చినా అమ్మ కొనలేదు. "జీతం రాని నెల గాజులేందే, ఉన్నయి చాలవా?" అంది. తరువాతి రోజు పూల కోసం నాయిన తన పాత మోపెడ్ మీద నన్ను బడంగ్‌పేట తీసుకొచ్చాడు. అప్పుడిక్కడ ఇళ్ళేవీ? గునుగు పూలు తెల్లగా తలలూపుతూ, తంగేడు పచ్చగా పూసి, నడుమ నడుమ సున్నం కొట్టిన హద్దురాళ్ళు, అంతే. నాయిన ఎందుకో ఒక హద్దురాయి దగ్గరే నిలబడి, "ఇటు దిక్కు మస్తు పూలున్నయి బిడ్డా, ఇటు రా, జర మంచిగ జూడు," అని పిలుస్తున్నాడు. పోయి చూశాను. రాయి మొదట్లో ఎర్రగుడ్డ మూట, దాని మీద పసుపు, కుంకుమ బొట్లు, చుట్టూ పసుపుతాడు. అక్కడ మూడు బాటలు కలుస్తాయి. ఎవరో దిష్టి తీసి పారేశారు, దాటితే మనకు తగులుతుందని అమ్మ పాలతో పాటు పోసిన భయం మాకు. తూ తూ అని మూడుసార్లు ఉమ్మి, నాయిన చెయ్యి పట్టి లాగాను. "నాయినా, ముట్టకు! ఎవలో పారేసిండ్రు, పోదాం పా!"

నాయిన ఏదో అనబోయాడు. నోరు తెరిచాడు, నా వైపు చూశాడు, మూసుకున్నాడు. పూలు సగమే కోసి మోపెడ్ ఎక్కాడు. ఎండకు అలసిపోయాడనుకున్నాను.

ఇంటికి రాగానే కీర్తనకు చెప్పాను, భయపెడదామని. హద్దురాయి, మూడు బాటలు, ఎర్రగుడ్డ, కొంచెం రక్తం కూడా కలిపాను. అది భయపడితే నా కడుపు చల్లబడేది. రెండు రోజుల తరువాత కీర్తన వాకిట్లోకి వచ్చి చేతులు ఆడించింది. ఆకుపచ్చ మట్టిగాజులు, బంగారు చుక్కలవి.

"ఎక్కడివి?" అన్నాను.

"నువ్వు చెప్పిన ఎర్రగుడ్డలోవే! మా నాన్నగారు అటు పనికెళ్తుంటే నేనూ వెళ్ళా. అది దిష్టిదేం కాదు మౌనీ, స్టీలు డబ్బా. మూత సొట్టపోయుంది. ఎవరు పెట్టారో మరి, నాన్నగారిది మాత్రం కాదంట. గాజులు తీసుకుని నా సెంటు రబ్బరు పెట్టి, మళ్ళీ అలాగే కట్టేసొచ్చాం," అంది.

సొట్ట మూత అనగానే నాకు అన్నీ తెలిసిపోయాయి. ఏటా దసరాకు బస్సు స్టీరింగుకు, గేరు కడ్డీకి, ఆఖరికి ఇంట్లో కత్తిపీటకు కూడా ఎర్రగుడ్డ చుట్టి పసుపు కుంకుమ పెట్టనిదే నాయినకు తోచదు. కొత్త పని ఏది మొదలుపెట్టినా ఆయనకు అదే శుభం. బిడ్డ కోసం మొదటిసారి ఆడుతున్న ఆటకు పెట్టకుండా ఉంటాడా? పైగా నాకు కనబడకపోతే ఎట్లా అని ఎర్రటిది వెతికి మరీ కట్టాడు. నేనేమో ఉమ్మి వచ్చాను. నా జన్మలో నాయిన నాకోసం దాచిన ఒక్క డబ్బా, అదీ కీర్తనకే దొరికింది! ఆ చేతులు కొరికేద్దామన్నంత కోపం వచ్చింది. లాక్కుందామంటే, దాని తప్పేముంది? ఆట రూలు ప్రకారమే ఆడింది పాపిష్ఠిది.

ఆ సాయంత్రం నాయిన గల్లీ చివర నుంచే నవ్వుకుంటూ వచ్చాడు. చేతిలో టిఫిను డబ్బా. "దొంగదానా! నా ముంగట భయపడ్డట్టు జేసి, ఎనక పోయి తీసుకున్నవా? నేన్ జూసిన. రబ్బరు గూడ వెట్టినవ్ గదా బిడ్డా! స్టీలు డబ్బ ఎవలన్న ఎత్కపోతరని తెచ్చేసిన," అన్నాడు. నాయిన మొహం అంతగా వెలగడం నేను అంతకుముందు చూడలేదు. అవునన్నట్టు తల ఊపాను.

"గాజులేవి మరి?"

"దాసుకున్న నాయినా," అన్నాను.

సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్ళంతా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే కీర్తన కూడా మా మధ్యకొచ్చింది. ఆకుపచ్చ గాజులు గలగలమంటున్నాయి. నాయిన చూశాడు. నా చేతులు చూశాడు. దగ్గరికొచ్చి వంగి, "గా పిల్లకిచ్చినవా బిడ్డా?" అన్నాడు. మళ్ళీ తల ఊపాను. తెల్లారి ఎల్బీనగర్ టెంటులో అందరికీ చెప్పాడు. "మన కొట్లాట మనదే. నా బిడ్డను జూడుండ్రి, పండుగ గాజులు దీసి తెనాలోళ్ళ పిల్లకు ఏసింది. గట్లుండాలె మనసు." ముసలివాళ్ళు నా తల నిమిరారు. ఓర్వలేక లోపల ఉడికిపోతున్న నాకు, పెద్ద మనసున్న పిల్లనని ఆనాటి నుంచీ పేరు. చుట్టాల్లో ఇప్పటికీ ఆ పేరే.

తరువాత సమ్మె ముగిసింది, నాయిన మళ్ళీ కొక్కేనికి వేలాడే చొక్కా అయిపోయాడు. కీర్తనవాళ్ళు చంపాపేటకు ఇల్లు మారి, అక్కడి నుంచి ఎటో పోయారు. నాయిన మళ్ళీ నాకోసం డబ్బా దాచలేదు. దాచమని నేనూ అడగలేదు.

సహస్ర ముడి విప్పింది. అదే సొట్ట మూత. లోపల పిప్పరమెంట్లు, ఒక బొంగరం, అడుగున కాగితంలో చుట్టిన గులాబీరంగు ముక్క, ఎండి పగుళ్ళిచ్చింది. "ఇదేంది తాతా?" అంది.

నాయిన కుర్చీలో నుంచే, "పైలం బిడ్డా! గది మీ అత్తది. చిన్నప్పుడు నాకోసం డబ్బల వెట్టింది. బస్సు నడిపినన్ని దినాలు నా కాడనే ఉండె. ఇగ నువ్వు దాసుకో," అన్నాడు.

చేతిలోకి తీసుకున్నాను. కీర్తన రాసుకున్న ఆ ఇంగ్లీషు అక్షరం సగం చెరిగినా ఉంది, నాయిన దాన్నేనాడూ పట్టించుకోలేదు. వాసన పోయింది. నేనెన్నడూ నాయిన వెంట పోని ఊళ్ళన్నీ ఈ రబ్బరు ఆయన పక్కన కూర్చుని తిరిగింది. కీర్తన ఎక్కడుందో తెలియదు, నన్ను మరచిపోయి కూడా ఉంటుంది, అయినా ఆ క్షణాన దాని మీద నాకు చిన్నప్పటికంటే ఎక్కువ కుళ్ళు పుట్టింది. రబ్బరు నా పర్సులో వేసుకున్నాను.

"నాకు దొరికింది, నాది!" అని సహస్ర గొడవకు దిగింది.

"నీకు ఐస్‌క్రీం," అన్నాను గానీ ఇవ్వలేదు. తీసుకుంటే తగినది పెట్టాలి కదా. చేతికున్న మట్టిగాజు ఒకటి తీసి డబ్బాలో వేసి, ఎర్రగుడ్డ బిగించి కట్టి, నాయినకు కనబడకుండా ప్లాటు అవతలి మూలకు పోయి దాచాను. ఈ ప్లాటూ అమ్ముడైందట, వచ్చే నెల పునాదులు తీస్తారు. గునుగు ఇప్పుడు ఇక్కడ మొలవదు, దిల్‌సుఖ్‌నగర్‌లో కట్టలు కట్టి అమ్ముతున్నారు. ఎల్బీనగర్ చౌరస్తాలో పొయ్యిలు పెట్టిన చోట ఫ్లైఓవర్ స్తంభాలున్నాయి.

"ఏం వెట్టినవ్ బిడ్డా?" అన్నాడు నాయిన.

"చెప్పొద్దు నాయినా. నువ్వే లేసొచ్చి దేవులాడుకో."

మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు. సహస్ర వేలు పెట్టి చూపించబోతే చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాను. ఈసారి మా నాయినకు దొరికేది నేను పెట్టిందే.