మామకు భివండి చూపించిన శుక్రవారం

ఎడారిలో ఉన్న ఒక చిన్న ఊరి గురించి ఆ మధ్య ఫోన్లో చదివాను. అక్కడికి వెళ్తే తప్పక చూడవలసినవి పది అని రాశారు. మొదటిది పొద్దున పూట ఇసుక తిన్నెలు. నాలుగోది సాయంత్రం పూట అవే ఇసుక తిన్నెలు. ఏడోది ఒంటె మీద కూర్చుని అవే ఇసుక తిన్నెలు. నాకు నవ్వు రాలేదు, రోషం వచ్చింది. ఉన్న ఇసుకతోనే వాళ్లు పది లెక్క చెప్పగలిగితే, బొంబాయి పక్కన ఇంత పెద్ద మా భివండిలో నాలుగైనా దొరకవా అనుకున్నాను.

ఆ నాలుగు నాకు అప్పుడు చాలా అవసరం. మా మామ, అంటే నా భార్య తండ్రి, మా ఊరు చూడటానికి వస్తున్నాడు. చూశాక తన కూతుర్నీ, ఆరు నెలల మనవరాలినీ మా ఇంటికి పంపాలో వద్దో తేల్చి చెబుతానన్నాడు.

నా భార్య కాన్పుకని ఏడో నెలలో జగిత్యాల దగ్గరి తన పుట్టినూరికి వెళ్లింది. పిల్ల పుట్టింది, పురుడు అయింది, పేరు పెట్టారు, అన్నం ముట్టించారు. తీసుకెళ్తానని నేను అడిగిన ప్రతిసారీ మామ ఒకసారి మూఢమనీ, ఒకసారి ఎండలనీ, ఒకసారి వానలనీ చెప్పి వాయిదా వేశాడు. ఆయనకు ఆ ఊళ్లో కిరాణా దుకాణం ఉంది, కొడుకులు లేరు. చివరికి మనసులో మాట బయటపెట్టాడు.

"నువ్వే ఇటు రారాదు అల్లుడా? దుకాణం సూసుకుందువు. ఆడ గా సాంచల మీద ఏమున్నది?"

సాంచ అంటే మరమగ్గం. భివండిలోని నార్పోలిలో మాకు ఎనిమిది సాంచలున్నాయి. కింద కార్ఖానా, పైన ఇల్లు. మా నాన్న పోయాక నేనే నడుపుతున్నాను. ఉప్పూ పప్పూ పొట్లాలు కట్టడం నా వల్ల కాదు. ఆ సంగతి మెల్లగా చెబుదామనుకుని గట్టిగానే చెప్పాను. దాంతో ఆయన, "అయితే నేనే వచ్చి ఊరు జూస్త. పిల్ల ఉండేటట్టు ఉంటె పంపుత, లేకుంటె లేదు" అన్నాడు.

ఆయన కూతురు ఈ ఊళ్లో మూడేళ్లు కాపురం చేసింది. అప్పుడు ఊరెట్లుందని ఒక్కసారీ అడగలేదు. మనవరాలు పుట్టాక అడిగాడు. ఒళ్లు మండదా మరి?

మా దగ్గర కార్ఖానాలకు సెలవు శుక్రవారం. నాకు తీరిక ఉండేదీ ఆ రోజే. అందుకే శుక్రవారం పొద్దున దిగేలా బస్సు చూసుకోమన్నాను. ఇందులో కుట్ర ఏమీ లేదని ఇక్కడే చెబుతున్నాను, ఎందుకంటే ఆ తర్వాత ఆయన నన్ను అనరాని మాటలన్నాడు.

ఏమేం చూపించాలని అమ్మను అడిగాను. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటోంది కదా, ఏదో ఒకటి చెబుతుందనుకున్నాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది.

"దవాఖాన జూపియ్యి. మంచి దవాఖాన ఉన్నదంటె ధైర్నం ఉంటది."

వచ్చిన చుట్టాన్ని ఎవరైనా ముందు దవాఖానాకు తీసుకెళ్తారా? అమ్మను నమ్ముకోవడం మానేసి జాబితా నేనే రాసుకున్నాను.

మొదటిది మా ఊరి పెద్ద కూడలి, ధామన్కర్ నాకా. అదెలాగూ దారిలోనే ఉంది. బస్సు దిగిన మామను స్కూటర్ మీద ఎక్కించుకుని వస్తుంటే నాకా దగ్గర ఇరుక్కుపోయాం. నాలుగు వైపుల నుంచీ ఆటోలు, టెంపోలు, లారీలు వచ్చి ఒకదాని ముక్కు దగ్గర ఇంకొకటి ఆగిపోయాయి. మామ సంచీ ఒళ్లో పెట్టుకుని కళ్లింత చేసుకుని చూశాడు.

"ఏదన్న జాతరనా?"

"కాదు మామా, రోజు గింతే."

"రోజూనా!" అన్నాడు. ఆ గొంతులో మెచ్చుకోలు ఉన్నట్టు నాకు అనిపించింది. ఒకటి అయిందని మనసులో గీత గీసుకున్నాను.

ఇంట్లో టిఫిను తిని, స్నానం చేసి బయల్దేరాం. శాంతి నగర్ మీదుగా వెళ్లాం. కార్ఖానాల షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. వాటి ముందు పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు, మగవాళ్లు అరుగుల మీద కూర్చుని గడ్డాలు గీయించుకుంటున్నారు. ఎక్కడో రేడియోలో పాట వినిపిస్తోంది. మామ అటూ ఇటూ చూసి, "శాంతి నగరు! పేరుకు తగ్గట్టె ఉన్నది అల్లుడా" అన్నాడు. నేను నిజంగానే గర్వపడ్డాను. నా బుద్ధి ఆ సమయంలో ఎక్కడుందో నాకు తెలియదు.

రెండోది వరాలాదేవి చెరువు. కాసేపు గట్టు మీద నడిచాం, బెంచీ మీద కూర్చున్నాం. పక్క బెంచీ మీద ఇద్దరు ముసలివాళ్లు కరీంనగర్ యాసలో కోడళ్ల మీద చాడీలు చెప్పుకుంటున్నారు. మామ చెరువు వైపు వీపు పెట్టి వాళ్ల మాటలే విన్నాడు.

"బొంబాయి బొంబాయి అన్నరు గని, ఈడ అంత మనోల్లే ఉన్నరు గదా" అన్నాడు. ఇది మంచికన్నాడో, ఇంత దూరం వచ్చి మనవాళ్లనే చూడాలా అన్నాడో అర్థం కాలేదు. అందుకని అర గీత గీసుకున్నాను.

మూడోది గోదాములు. హైవే వైపు వెళ్తే కనుచూపు మేరా గోదాములే. ఫోన్లో నొక్కితే ఇంటికొచ్చే సామానంతా అక్కడి నుంచే బయల్దేరుతుంది. మా ఊళ్లో ఎవరూ దాన్ని చూడదగిన స్థలం అనరు గానీ, దుకాణదారుడికి నచ్చుతుందని నా లెక్క.

"లోపల ఏముంటది?" అడిగాడు మామ.

"అన్నీ ఉంటయి."

"అన్నీ అంటె?"

"సబ్బులు, చెప్పులు, ఫ్రిజ్‌లు, టీవీలు."

"పల్లీలు?"

"పల్లీలు కూడా ఉంటయి మామా."

మామ ముఖం మాడిపోయింది. ఊళ్లో కాలేజీ పిల్లలు తన కొట్టుకు రావడం మానేసి షాంపూలు కూడా ఫోన్లో తెప్పించుకుంటున్నారట. శత్రువుల కోటను చూసినట్టు ఆ గోడలను కింది నుంచి పైదాకా చూశాడు. గేటు దగ్గర కాపలావాడి దగ్గరికి వెళ్లి, "మీ పల్లీలు ఎంత పాతయి? పుచ్చులు ఎవరేరుతరు?" అని శుద్ధమైన జగిత్యాల తెలుగులో నిలదీశాడు. కాపలావాడు ఆయనకు సెల్యూట్ కొట్టాడు. ఎవరో పెద్ద అధికారి అనుకున్నట్టుంది. నా గీతల్లో ఒకటి చెరిపేయాల్సి వచ్చింది.

ఇక మిగిలింది నాలుగోది. వజ్రేశ్వరి దాకా స్కూటర్ మీద వెళ్లాం. అక్కడ భూమిలోంచి వేడినీళ్లు వస్తాయి. వాటిని గుండాలుగా కట్టారు, జనం దిగి స్నానం చేస్తారు. మామ ముందు ఒక వేలు పెట్టి చూశాడు. తర్వాత పాదం. తర్వాత లుంగీ ఎగగట్టి మెల్లగా మెడదాకా దిగిపోయి కళ్లు మూసుకున్నాడు. అరగంటయినా తెరవలేదు. భయమేసి, "మామా!" అని పిలిచాను.

"కట్టెల్లెవ్వు, గ్యాస్ లేదు, కరెంట్ లేదు," అన్నాడు కళ్లు మూసుకునే. "ఏమి ఊరు అల్లుడా ఇది!"

ఒళ్లంతా ఎర్రబడి, చంటిపిల్లాడిలా మెత్తబడి ఇంటికొచ్చాడు. అన్నం తింటూ అమ్మతో చెప్పాడు. "ఊరు మంచిగనె ఉన్నదమ్మా. అన్నిటికన్న సప్పుడు లేదు. పిల్ల హాయిగ పంటది. అల్లుడా, వచ్చె నెల వచ్చి తోల్కపో."

నాకు లేచి ఎగరాలనిపించింది. పళ్లెం ముందు ఎగిరితే బాగుండదని ఇంకో ముద్ద తిన్నాను. ఆరు నెలలుగా నా బిడ్డను ఫోన్లో తప్ప సరిగా చూసుకోలేదు. రెండుసార్లు వెళ్లి వచ్చాను, రెండుసార్లూ నన్ను చూసి ఏడ్చింది. ఆ పూట అన్నం నాకు ఎంత తిన్నానో తెలియలేదు.

శనివారం పొద్దున ఆరింటికి సాంచలు మొదలయ్యాయి.

కింద మావి ఎనిమిది. పక్క కార్ఖానాలో పన్నెండు. ఎదుటివి, వెనకవి, వీధి మొత్తానివి, అన్నీ నిమిషం తేడాతో. ఇల్లు సన్నగా వణకడం మొదలుపెట్టింది. గూట్లో గ్లాసులు ఒకదాన్నొకటి తోసుకుంటూ అంచుదాకా నడిచాయి. అంచుకు అమ్మ ఒక పుల్ల అడ్డం కొట్టించింది కాబట్టి అక్కడ ఆగుతాయి.

చాప మీద పడుకున్న మామ ఒక్క గెంతులో లేచాడు. "భూకంపం!" అన్నాడట. అన్నట్టు నోరు మాత్రం కనిపించింది. చేతికి అందిన మిక్సీ జారు చంకలో పెట్టుకున్నాడు. రెండో చేత్తో, పెళ్లినాటి నుంచీ వియ్యపురాలి ముఖం వైపు సూటిగా చూడని మనిషి, మా అమ్మ చెయ్యి పట్టుకుని మెట్ల మీదుగా లాక్కెళ్లాడు. ఇల్లు అంటుకుందేమోనని అమ్మ కూడా చపాతీ కర్రతో సహా పరుగెత్తింది. నేను వెనక పడ్డాను.

వీధిలో అందరూ తీరిగ్గా చాయ్ తాగుతున్నారు. బనీను మీద, మిక్సీ జారుతో, వియ్యపురాలి చెయ్యి పట్టుకుని నిలబడ్డ మామను చూసి ఒకాయన తన చాయ్ ఆయనకు ఇచ్చేశాడు.

"సాంచలు మామా! సాంచలు!" అని చెవిలో అరిచాను.

ఇంత పెద్ద సంగతి ముందే ఎందుకు చెప్పలేదని మీరూ అడుగుతారు. మాకు గుర్తు రాలేదు. రాత్రి కొన్ని ఆగినా, మిగతావి తెల్లవార్లూ ఆడుతూనే ఉంటాయి, ఆ చప్పుడు మాకు వినిపించదు. ఆగితేనే ఉలిక్కిపడతాం. సెలవుకు ముందు సాంచలు ఆగిన ప్రతిసారీ అమ్మ చేస్తున్న పని వదిలేసి ఏమైందని అడుగుతుంది. ముప్పై ఏళ్లుగా ప్రతి వారం అడుగుతోంది. నా భార్య కూడా పుట్టింటికి ఫోన్ చేస్తే మాట స్పష్టంగా వినబడే శుక్రవారమే చేసేది. కాబట్టి మామ దృష్టిలో మా ఊళ్లో రేడియో పాటలు, పిచ్చుకలు తప్ప ఇంకేమీ లేవు.

"మోసం జేసినవ్ అల్లుడా," అన్నాడు వీధి చివర, కాస్త మాట వినిపించే చోట. "సెలవు రోజు జూసి నన్ను పిలిపిచ్చినవ్. పసిపిల్ల ఉంటదా దీంట్ల? నేను పంప. ఇగ దాని గురించి నాతోని మాట్లాడకు."

నాకు కోపం వచ్చింది, సిగ్గూ వచ్చింది. మోసం అన్న మాట తప్పు. పసిపిల్ల అన్న మాట తప్పు కాదు. కార్ఖానా లోపలికి వచ్చి ఒకసారి చూస్తే భయమైనా పోతుందని బతిమాలి తీసుకెళ్లాను. చెవుల్లో దూది పెట్టుకుని వచ్చాడు.

లోపల మాటలు పనికిరావు. మేం గొంతుతో మాట్లాడుకోం, పెదవులతో మాట్లాడుకుంటాం. నేను ఈ చివర నుంచి పెదవులు కదిపితే ఆ చివర సాంచ నడిపేవాడు నవ్వి జవాబిస్తాడు. మామ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తుండగా ఆయన జేబులో ఫోన్ వెలిగింది. కూతురు, వీడియో కాల్. రోజూ ఆ వేళకు పిల్లను చూపిస్తుంది.

మామ ఫోన్ పైకెత్తి, "రావద్దు బిడ్డా! నువ్వు రావద్దు! ఈ సప్పుడు ఇనవడుతున్నదా?" అని గొంతు చించుకున్నాడు. పక్కనే ఉన్న నాకే ఒక్క ముక్క వినపడలేదు. కానీ ఆమెకు ఆ పెదవులు చాలు. మూడేళ్లు ఈ కార్ఖానాలో నూలు కండెలు చుట్టింది. తండ్రి ముఖాన్ని చూసి, నా వైపు చూసి, గొంతు లేకుండా అడిగింది.

"ఏమైంది?"

"మీ బాపు పంపనంటుండు," అన్నాను నేనూ అలాగే.

పిల్లను భుజం మీదికి మార్చుకుంది. తర్వాత మెల్లగా, ఒక్కొక్క మాటా విడివిడిగా, పెదవులతో చెప్పింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దూది దుమ్మని తుడుచుకున్నాను.

మామ నా చెయ్యి పట్టి బయటికి లాగాడు. "ఏమన్నది? ఏందో అన్నది. నా బిడ్డ నా ముంగట్నె మాట్లాడితె నాకు సమజ్ కాలె. ఏమన్నది?"

ఏమీ లేదని చెబుదామనుకున్నాను. ఆయన ముఖం చూశాక అబద్ధం రాలేదు.

"ఆడ నిద్ర వస్తలేదంట మామా. పోయిన కాన్నుంచి. గంత నిమ్మలంగ ఉంటె భయమయితదంట. మీరు బాధ పడతరని చెప్పలేదంట."

మామ చెవుల్లోంచి దూది తీసేశాడు. దాన్ని వేళ్ల మధ్య నలుపుతూ నిలబడ్డాడు.

"నా ఇంట్ల నా బిడ్డకు నిద్ర వస్తలేదా," అన్నాడు. నన్ను అడగలేదు. దూది పారేసి, "నెల దాంక ఎందుకు, బట్టలు సదురుకో. నాతోనె వచ్చి తోల్కపో" అన్నాడు. పిల్లను పగలు, సాంచల్లేని వీధిలో ఉన్న మా అక్క ఇంట్లో ఉంచుకుంటామని అమ్మ చెబితే తలూపాడు.

ఆ సాయంత్రం బస్సులో ఆయన పక్కనే కూర్చున్నాను. బస్సు థానే జిల్లా దాటింది. తర్వాత నా వైపు తిరిగాడు.

"అల్లుడా, రేపు నేనెప్పుడన్న వస్తె, గా కార్ఖాన్ల నా బిడ్డ నన్ను పిలిస్తె నాకెట్ల తెలుస్తది?"

నేను గొంతు లేకుండా పెదవులు మూసి, తెరిచి, మళ్లీ మూసి, "బాపూ" అని చూపించాను. ఆయన నా నోటి వైపే చూసి, ఇంకొకసారి చూపించమన్నాడు.