ఉనైజా మట్టింటి కప్పు కింద

మా అమ్మాయి గ్రేస్ ఉంటున్న ఇంటి కప్పులో ఒక మూల కూలిందని విన్న రోజే ఉనైజా వెళ్ళి పిల్లని వెనక్కి తెచ్చేయాలనుకున్నాను. నేను సౌదీలో, రియాద్ దగ్గర అల్ ఖర్జ్‌లో నర్సుని. గ్రేస్ రియాద్‌లో ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు. చదువులో భాగంగా ఈ ఆరునెలలూ తనతో కలిపి ఎనిమిదిమంది విద్యార్థినులు ఉనైజాలో ఒక పాత మట్టింట్లో ఉంటూ, ఆ ఇంటినే బాగుచేస్తున్నారు.

శుక్రవారం ఉదయం ఆరింటికి తోటి నర్సు కారులో బయల్దేరి, రియాద్‌లో తొమ్మిదింటి రైలెక్కాను. టికెట్ ముందే తీసుకోండి, వారాంతంలో సీట్లు దొరకవు. రెండున్నర గంటలసేపు కిటికీలో ఇసుకే. ఖసీం స్టేషన్ నుంచి టాక్సీలో అరగంట పైనే పట్టింది. పెషావర్ డ్రైవర్‌కి ఆ ఇల్లు తెలుసు.

“వో మిట్టీవాలీ లడ్కియా? సారా దిన్ కామ్ కర్తీ హై, బహెన్!” అన్నాడు. మట్టి అమ్మాయిలట, రోజంతా పనే చేస్తారట!

గుమ్మం దాటగానే చల్లగా తగిలింది. గోడలు మూరెడు మందం. అమ్మాయిలందరూ ఒకే పళ్ళెంలో కబ్సా అన్నం తింటూ ఆ వారం చేసిన తప్పులు చెప్పుకుంటున్నారు. ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేదు.

“కూలిన మూల నేను వేసిందే అమ్మా,” అంది గ్రేస్. “దూలాల మధ్య ఎడం ఎక్కువైంది. మళ్ళీ వేశాను. మూడు దాటాక, అసర్ నమాజవగానే మా గురువు ముఅల్లిం వచ్చి కప్పు కింద ఆసరాగా పెట్టిన గుంజలు తీయిస్తారు. పైన అందరూ నడుస్తారు, వేసినవాళ్ళు కింద నిలబడాలి. ఈ ఇంటి పద్ధతి.”

“పిచ్చా నీకు? బ్యాగు సర్దు, సాయంత్రం రైలుకి పోదాం.”

“రమ్మంటే వస్తానమ్మా. కానీ నా కప్పు కింద నేనే నిలబడకపోతే, రేపు ఇంకొకళ్ళని ఎలా ఉండమంటాను?”

రైలు టైము చూద్దామని తీసిన ఫోను మళ్ళీ సంచిలో పెట్టేశాను.

ముఅల్లిం డెబ్భై దాటిన మేస్త్రీ. నిచ్చెనెక్కి ఒక్కో దూలాన్నీ వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి విన్నారు. గుంజలు ఒక్కొక్కటే తీయించి, మిగతా ఏడుగురు అమ్మాయిలతో పైకెక్కారు. గది నడుమ గ్రేస్ ఒక్కతే నిలబడింది. నేనెప్పుడు లోపలికి నడిచానో తెలియదు, దాని చెయ్యి పట్టుకుని ఉన్నాను. అరచెయ్యి గరుకుగా కాయలు కాసి ఉంది.

పైన అడుగులు ధన్‌మన్నాయి. తల మీద కాస్త దుమ్ము రాలింది. అంతే. తలెత్తి చూశాను. నల్లని దూలాలు, వాటి మీద వరసగా ఖర్జూరపు మట్టలు, ఒక్కటీ కదల్లేదు. ఆ బరువంతా నా కూతురు లెక్కగట్టి నిలబెట్టింది!

ముఅల్లిం దిగొచ్చి అరబ్బీలో ఏదో అని నవ్వారు. నూరా అనే సీనియర్ ఇంగ్లీషులో చెప్పింది: “కట్టినవాళ్ళని నిలబడమన్నాను గానీ, వాళ్ళమ్మని కాదు అంటున్నారు.”

ఆ రాత్రి ఆ గదిలోనే పడుకుని, శనివారం మధ్యాహ్నం ఒక్కదాన్నే రైలెక్కాను. మీరెవరైనా వెళ్తే చలికాలం వెళ్ళండి, ముందుగా కబురు పెట్టండి.

పక్కసీటులో కరీంనగర్ ఆమె అడిగింది: “ఉనైజాల ఏమున్నదక్కా చూడనీకి? ఖర్జూరం తోటలేనా?”

పదహారేళ్ళుగా రియాద్ వెళ్ళినప్పుడల్లా అద్దాల మేడలు చూస్తున్నాను, ఎవరు కట్టారని ఒక్కనాడూ అడగలేదు. ఆ మట్టింటిని మళ్ళీ నిలబెడుతున్న ఎనిమిదిమంది పేర్లూ నాకు తెలుసు. ఆమెకి జవాబుగా ఆ పేర్లే చెప్పాను, మొదట మా అమ్మాయిది.