అయ్యగారు ప్రార్థన చేసిన పంపు

సహోదరులారా, సహోదరీలారా, నా ఊపిరిని కాచిన దేవునికి మొదట వందనాలు చెప్పుకొని నా సంగతి చెబుతాను. నా పేరు సుగుణమ్మ, మాది మైదుకూరు దగ్గర పల్లె, పసుపు కొమ్ములు పాలిష్ పట్టే చోట పనికి పోతాను. పన్నెండేళ్లుగా నాకు ఉబ్బసం. డ్రమ్ము తిరగడం మొదలైతే చాలు, పచ్చటి దుమ్ము లేచి ఛాతీ మీద బండ పెట్టినట్టయ్యేది, నాలుగడుగులు వేయలేక గోడ పట్టుకొని నిలబడేదాన్ని, పిల్లలు పిలిస్తే పలకడానికి కూడా ఊపిరి చాలేది కాదు. బతుకు మీద ఆశ వదులుకున్న రోజులవి.

అప్పుడు డాక్టరు ఆయాసం వచ్చినప్పుడు పీల్చుకోమని ఇన్‌హేలర్ అంటారే, ఆ నీలం పంపు రాసిచ్చాడు. రెండుసార్లు పీలిస్తే కాసేపటికి ఛాతీ విడిచేది. గుప్పిట్లో పట్టే వస్తువులో అంత మేలు దాచిన దేవుని జ్ఞానాన్ని ఎంత స్తుతించినా తక్కువే! ఆ సంతోషంలోనే నేనొక తెలివితక్కువ పని చేశాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు నూనె సీసాలు తీసుకుపోయి ప్రార్థన చేయించుకొనే అలవాటు మనకు ఉంది కదా, ఆ సీసాల పక్కనే నా పంపు కూడా పెట్టాను, మన పాస్టరు అయ్యగారు అన్నింటి మీదా చేయి చాపి ప్రార్థించారు. ఇక దాన్ని మార్చడానికి నాకు మనసొప్పలేదు. నూనె అయిపోతే సీసా అడుగు కనబడుతుంది, పంపు మాత్రం నొక్కినప్పుడల్లా బుస్సుమంటూనే ఉండేది. గొంతులో మందు రుచి తగలడం మానేసినా, మా ఆయన కొత్తది తెస్తానన్నా, ప్రార్థన చేసిన పంపును పారేస్తామా అని ఆయన్నే కసిరాను. నాది విశ్వాసమనుకున్నాను గానీ మొండితనమని తెలుసుకోలేదు.

పోయిన పసుపు కాలంలో ఒక మధ్యాహ్నం డ్రమ్ము దగ్గర ఆయాసం ఎత్తుకుంది. పంపు నొక్కాను, మళ్లీ నొక్కాను, గాలి వస్తోంది గానీ ఛాతీ విడవడం లేదు. కళ్లు చీకట్లు కమ్మాయి. "ప్రభువా, నా ఊపిరి నీ చేతిలో ఉండాది, నా పిల్లోళ్లను చూసి నన్ను విడిసిపెట్టొద్దు తండ్రీ" అని లోపలే ఏడ్చాను.

నా పక్కన కొమ్ములు ఏరే మస్తాన్‌బీ పరుగెత్తుకొచ్చింది. ఆమెకూ ఉబ్బసమే. నా పంపు లాక్కొని చూసి, "దీంట్లో మందు యాడుందక్కా, ఊరికే గాలి కొడతాండాది" అని, తన నడుముకు కట్టుకున్న సంచిలోంచి తన పంపు తీసి నా నోట్లో పెట్టింది. "నేను నొక్కుతా, నువ్వు నిదానంగా లోపలికి పీల్సక్కా" అంది. పీల్చాను. కొంచెం ఆగి మళ్లీ పీల్చాను. సన్నగా, దారం లాగినట్టు, ఊపిరి లోపలికి పోయింది. ఆటోలో ఆసుపత్రికి చేరేదాకా ఆ తల్లి నా వీపు నిమురుతూనే ఉంది.

మందు అయిపోయాక కూడా లోపలి గ్యాసు వస్తూనే ఉంటుందని, చప్పుడును నమ్మకూడదని డాక్టరు చెప్పి, ఇంకా ఎన్నిసార్లకు మందు ఉందో వెనకాల అంకె కనబడే పంపు, రోజూ తప్పక పీల్చుకోవాల్సిన ఇంకో పంపు రాసిచ్చాడు. ఆదివారం సిగ్గుపడుతూ అయ్యగారికి ఇదంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. "అమ్మా, నేను ప్రార్థన చేసింది నీ కోసరం, ఆ డబ్బీ కోసరం కాదు. మందు అయిపోతే కొత్తది తెచ్చుకోవల్ల" అన్నారు.

సహోదరులారా, మస్తాన్‌బీ పంపు మీద ఏ అయ్యగారూ చేయి చాపలేదు. అయినా నా ప్రార్థనకు దేవుడు జవాబిచ్చింది దానితోనే. ఈ రోజు మీ ముందు ఆయాసం లేకుండా ఇంతసేపు మాట్లాడుతున్నానంటే ఆయన కృపే, మహిమంతా ఆయనదే. మీరూ ఆయన్ను నమ్ముకోండి, నమ్మినవాళ్లను ఆయన విడువడు. ఇంటికి పోయాక మాత్రం మీ పంపులో మందు ఉందో లేదో చూసుకోండి.