పంచితం చల్లిన చోటు

నా భార్యను చివరిసారి పడుకోబెట్టిన చోట, పక్కన దీపం వెలుగుతుండగానే, మా కుక్కపిల్ల ఉచ్చ పోసింది. ఇంటినిండా ఆడవాళ్లున్నారు. ఏడుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అది నేలను ఇంకోసారి వాసన చూసి, తోక ఊపుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది.

ఆమె పోయింది అంతకు ముందురోజే. జబ్బేమీ లేదు. మధ్యాహ్నం నేను మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాను. ఆమె పక్కనే రాట్నం ముందు నూలు కండెలు చుడుతోంది. అటూ ఇటూ విసిరే నాడెలో నూలు అయిపోతే కొత్త కండె కోసం పక్కకు చెయ్యి చాపాను. చేతిలో ఏమీ పడలేదు. "ఇదో, నిన్నే" అన్నాను, తల తిప్పకుండానే. మా ఇద్దరికీ తల తిప్పే అవసరం ఎప్పుడూ ఉండేది కాదు. తిప్పి చూసేసరికి ఆమె గోడకు ఒరిగిపోయి ఉంది. ఒక చెయ్యి ఇంకా రాట్నం పిడి మీదే ఉంది. ఆసుపత్రి డాక్టరు వచ్చి చూసి గుండె ఆగిపోయిందన్నాడు. అంత చిన్న వయసులోనా అని మా అమ్మ అడిగింది. ఆగుతుంది, అన్నాడాయన.

కుక్కపిల్లను తెచ్చింది ఆమె అన్న. నేను బావా అని పిలుస్తాను. రాయచోటి నుంచి వస్తూ బుట్టలో పెట్టుకుని తెచ్చాడు. యుద్ధం రోజులవి. నూలు సరిగా దొరక్క మగ్గం నడిచే రోజులకంటే ఊరికే ఉండే రోజులే ఎక్కువగా ఉండేవి. చెల్లెలికి పొద్దుపోతుందని తెచ్చాడేమో. అమ్మకు మాత్రం నచ్చలేదు.

"నేసే ఇంట్లో కుక్కేందమ్మా? గంజి పెట్టిన పడుగు దారం కనపడితే నాకి పెడతాది."

"నేర్పిస్తా అత్తా. మనుషులకే నేర్పించినా గదా, దీనికి నేర్పించలేనా?"

"ఏ మనుషులకమ్మా?"

ఆమె నా వైపు చూపించింది. అమ్మ నవ్వు ఆపుకుని లోపలికి పోయింది. కుక్కపిల్ల మా ఇంట్లో ఉండిపోయింది.

చీర కోశాక మగ్గానికి మిగిలిపోయే నూలు కొసలను పేని ఆమె ఒక తాడు చేసింది. ఒక కొస దాని మెడకు, ఇంకో కొస తన నడుముకు కట్టుకుని పెరట్లో పనులు చేసుకునేది. అది మొండికేసి కూర్చుంటే ఆమె కూడా నిలబడిపోయేది. అది లేచి వస్తే నడిచేది. తాడును ఎప్పుడూ లాగేది కాదు. పక్కింటి అవ్వకు ఒక ఆవుంది. ఆ ఆవుకు గడ్డి వేస్తూ గోడ మీదినుంచి చూసి అడిగింది.

"ఏమ్మే, కుక్కను నువ్వు నడిపిస్తాండావా, నిన్నది నడిపిస్తాండాదా?"

"ఇద్దరం నడస్తాండామవ్వా. యాడికో ఇంకా తెల్దు."

ఎందుకు లాగవని నేను అడిగితే, "లాగితే అదీ లాగుతాది. ఇడిస్తే తనే వస్తాది. మీ అమ్మ మాదిరే" అంది గొంతు తగ్గించి.

"ఇనపడతాండాదిలేమ్మా" అంది వంటింట్లోంచి అమ్మ.

ఇంట్లో పాడు చేయకుండా నేర్పడం మాత్రం అంత తేలిగ్గా కాలేదు. మగ్గం గుంట చల్లగా ఉంటుంది కాబట్టి దానికి ఆ గుంట ఇష్టం. పొద్దున నేను గుంటలో కాళ్లు పెడితే తడి తగిలేది. నేను అరిచేవాణ్ని. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. తర్వాత గుంటను కడిగి, బూడిద చల్లి, ఆ తడిసిన బూడిదను తీసుకుపోయి పెరటి చివర దిబ్బ మీద పోసేది. అది తిన్న వెంటనే తాడు పట్టుకుని ఆ దిబ్బ దగ్గరికే తీసుకుపోయేది. అది తన వాసనే పట్టి అక్కడ పోసేది. పోసిందాకా ఆమె ఎండలోనైనా నిలబడేది. ఆ తర్వాత దాని తల నిమిరేది. కొన్నాళ్లకు అది పెరటి తలుపు దగ్గరికి పోయి మూలగడం మొదలుపెట్టింది. రోజూ కాదు, కొన్ని రోజులు. చదువు సగంలో ఉండగా పంతులమ్మ పోయింది.

అందుకే ఆరోజు అది దీపం పక్కన చేసిన పనికి నాకు కోపం రాలేదు. నమ్మలేకపోయాను, అంతే. ఎవరో దాన్ని కాలితో తన్నబోతే బావ ఆపి, కుక్కపిల్లను మెడ పట్టుకుని పెరట్లో పడేశాడు.

"తెచ్చిందీ నేనే, తీసకపోయేదీ నేనే. దినాలైనాక మా ఊర్లో గొర్రెల మందలో ఇడిసిపెడతా" అన్నాడు.

ఆమెను తీసుకుపోయాక ఒకసారి అమ్మ ఆ చోటును అలికి పంచితం చల్లింది. ఇప్పుడు పేడతో మళ్లీ అలికింది. అవ్వవాళ్ల ఆవు ఉచ్చ పోసేదాకా కాచుకుని, చెంబుతో ఆ పంచితం పట్టుకొచ్చి మళ్లీ చల్లింది. చావు జరిగిన చోట ఆవు పంచితం చల్లితే మైల పోతుందని అందరూ చేసేదే. దినాలు పూర్తయ్యేవరకు అమ్మ రోజూ చల్లుతానంది. కోడలికి చేయగలిగింది ఆమెకు అదొక్కటే మిగిలింది.

మర్నాడు కుక్కపిల్ల మళ్లీ అక్కడే పోసింది. అమ్మ మళ్లీ అలికింది, మళ్లీ చల్లింది. ఆ తర్వాత రోజూ అంతే. ఇంట్లో ఇంత నేల ఉంది. మగ్గం గుంట ఉంది. అది వాటి జోలికి పోకుండా నేరుగా ఆ చోటికే వచ్చేది. వచ్చిన చుట్టాలు రకరకాలుగా అన్నారు. పోయినామె దాన్ని పిలుస్తోందని ఒకరు, ఇంటికి ఇంకో కీడు ఉందని ఒకరు. నాకు పుస్తకాలు చదివే అలవాటుంది. చదివినవాటిలో దుఃఖం గురించి చాలా ఉంది. ఇలాంటిదాని గురించి ఏమీ లేదు.

అది మందకు పోవడం నాకు ఇష్టం లేదు. మా ఇంట్లో ఆమె మొదలుపెట్టి, ఇంకా సాగుతున్న పని అదొక్కటే. చీర ఆగిపోయింది, కండెలు ఆగిపోయాయి. నేనే దానికి నేర్పిద్దామని తాడు కట్టి పెరట్లోకి తీసుకుపోయాను. నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి కూర్చుంది. లాగాను. మెడ తాడులోంచి తల జారిపోయేంతగా వెనక్కు లాక్కుంది. ఇంకా లాగాను. అవ్వ గోడ మీదినుంచి చూసింది గాని ఏమీ అనలేదు. ఏదో ఒకటి అంటే బాగుండుననిపించింది.

దినాలు దగ్గరపడుతుండగా ఒకరోజు అవ్వ తన ఆవును ఎద్దు దగ్గరికని పక్క ఊరికి తోలించింది. అమ్మకు పేడా దొరకలేదు, పంచితమూ దొరకలేదు. ఏం చెయ్యాలో తోచక, ఎర్రమన్ను నీళ్లలో కలిపి ఉత్త చేతులతో అలికి ఊరుకుంది. కుక్కపిల్ల వచ్చింది. నేల వాసన చూసింది. చుట్టూ ఒకసారి తిరిగి, పెరటి తలుపు దగ్గరికి పోయి మూలిగింది.

ఆ మరుసటి పొద్దున ఆవు తిరిగొచ్చింది. అమ్మ చెంబు పట్టుకుని పోయింది, చల్లింది. తడి ఆరకముందే కుక్కపిల్ల వచ్చి దాని మీదే పోసింది. నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. మగ్గం గుంటలోని బూడిదను నా భార్య దిబ్బ మీద ఎందుకు పోసేదో అప్పుడు గుర్తొచ్చింది.

"అమ్మా, అది నువ్వు చల్లే పంచితానికి వస్తాండాది."

"ఏం మాట్లాడతాండావురా?"

"ఉచ్చ వాసన యాడుంటే అదే తన చోటనుకుంటాది. ఆయమ్మ దిబ్బకాడ నేర్పించింది అదే గదా. నిన్న నువ్వు చల్లలేదు. నిన్న అది పొయ్యలేదు."

అమ్మ చేతిలో చెంబు అట్లాగే ఉంది. అందులో మిగిలిన పంచితం వైపు చూసింది.

"అంటే నేనే పిలిచినానా దాన్ని? రోజూ నా చేత్తో నేనే పిలిచి, నా కోడలి మీద పోయించినానా?"

అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. కోడలు పోయినరోజు కూడా అమ్మ ముఖం అట్లా లేదు. బావ లోపలినుంచి వచ్చి సంగతి విన్నాడు.

"అట్లైతే ఇంకేముండాది అత్తా? శుద్ధి ఆపేదానికి లేదు. కుక్కను నేను తీసకపోతా, అంతే" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అమ్మ జీవితంలో ఏ శుద్ధినీ వదిలిన మనిషి కాదు. మా నాయన పోయినప్పుడు, తనకు జ్వరంగా ఉన్నా, ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకుండా తనే అలికింది. ఆమె ఏం చెబుతుందో నాకు తెలుసనుకున్నాను. తాడు తీసి బావ చేతికి ఇవ్వబోయాను.

అమ్మ లేచింది. చెంబులో మిగిలిన పంచితాన్ని పెరట్లోకి తీసుకుపోయింది. మేమిద్దరం వెనకే పోయాం. దిబ్బ దగ్గర నిలబడి చెంబంతా దాని మీద కుమ్మరించింది. కుక్కపిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఈడ పోసుకో" అంది అమ్మ దానితో.

లోపలికి వచ్చి బిందెలోంచి నీళ్లు ముంచి ఆ చోటును కడిగింది. ఎర్రమన్నుతో అలికింది. దీపంలో నూనె పోసింది. ఇంకేమీ చల్లలేదు.

"మైల పోవద్దా అత్తా?" అన్నాడు బావ.

"నా కోడలివల్ల ఈ ఇంటికి మైలేందప్పా? బతికినన్నాళ్లూ ఈడనే కూచోని కండెలు చుట్టింది గదా."

బావ ముఖం తిప్పుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. మా అమ్మను అంతవరకు ఎప్పుడూ చూడనట్టు చూస్తూ నిలబడ్డాను.

దినాలయ్యాక బావ ఒక్కడే రాయచోటికి పోయాడు. ఆయన్ను సాగనంపడానికి నేను కుక్కపిల్లకు తాడు కట్టి వీధిలోకి దిగాను. గడప దాటగానే అది కూర్చుంది. అలవాటుగా లాగబోయాను.

"లాగొద్దురా" అంది వెనకనుంచి అమ్మ. "ఆయమ్మ లాగేది కాదు."

అన్నాళ్లూ వంటింట్లో ఉండి అమ్మ అంతా చూస్తూనే ఉందన్నమాట. తాడు వదులు చేసి నిలబడ్డాను. బావ ముందుకు పోతూ రెండుసార్లు వెనక్కు తిరిగి చూశాడు. నేను కదల్లేదు. కాసేపటికి అదే లేచి, నన్ను దాటి, వీధిలోకి నడిచింది.