మిషన్‌లో లేని పాట

2022. కరోనా తర్వాత జనం మళ్లీ జంకు లేకుండా ఒకచోట చేరడం మొదలుపెట్టిన ఏడు. బతుకమ్మ రోజుల్లో ఒక మధ్యాహ్నం, లాల్‌దర్వాజాలో ఒక చిన్న ఫంక్షన్ హాల్. పండుగ పేరు మీద నలుగురికి పనికొచ్చేది చేద్దామని గల్లీ దుకాణదారులంతా కలిసి ముందు గదిలో రక్తదానం, వరండాలో పిల్లలకు పూల బొమ్మల పోటీ, వెనకాల వంటసామాను గదిలో ఉచిత వినికిడి పరీక్ష పెట్టించారు. ఆ వెనక గదిలో కూర్చున్నది నేను.

సర్కారు దవాఖానాలో ఆడియాలజిస్టును. అంటే చెవి ఎంతవరకు వింటోందో కొలిచి, అవసరమైతే మిషన్ అమర్చే మనిషిని. ఇల్లు సైదాబాద్. నిజం చెప్పాలంటే ఇలాంటి క్యాంపులు నాకు పెద్దగా పడవు. చెవిలో మిషన్ పెట్టకముందే ఫొటోకు నిలబడే పెద్దమనుషులు అక్కడ ఎక్కువ. అయితే గంగాళాలు, డేక్సాలు పేర్చిన ఆ గదికి మందపాటి గోడలు, బరువైన తలుపు ఉన్నాయి. తలుపు మూస్తే బయటి లొల్లి వినబడదు. నాకు అది చాలు.

పరీక్ష చాలా తేలిక. ఆడియోమీటర్ అనే పెట్టె నుంచి హెడ్‌ఫోన్‌లోకి సన్నని కూతలు పంపుతాం. వాటిని టోన్లు అంటాం. వినబడితే చెయ్యెత్తాలి. టోన్ లేకుండానే ఎత్తితే దాన్ని ఫాల్స్ పాజిటివ్ అంటాం. తప్పు చేస్తున్నామేమోనన్న కంగారుతో ఒకటి రెండుసార్లు అందరూ అలా ఎత్తేవాళ్లే.

నర్సమ్మను కోడలు కవిత తీసుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, బక్కపలచన, నుదుట రూపాయంత బొట్టు.

"ఎడమ చెవుల గట్టిగ ఒర్రితెనే ఇంటది మేడం" అని చెప్పి కవిత మూలనున్న స్టూలు మీద కూర్చుంది.

ఏం చెయ్యాలో ఎడమ చెవిలో గట్టిగా చెప్పి, హెడ్‌ఫోన్ పెట్టి, నా కుర్చీలోకి వచ్చాను. ఇంకా మీట నొక్కలేదు, నర్సమ్మ చెయ్యి లేచింది. దిగింది. మళ్లీ లేచింది. సరే, కంగారు పడుతోందనుకుని ఆగాను. చెయ్యి ఆగలేదు. కళ్లు మూసుకుని ఉంది. పెదవులు సన్నగా కదులుతున్నాయి. నేను మనసులో లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, చెయ్యి. ఒకటి, రెండు, మూడు, చెయ్యి. కంగారు పడే మనిషి అంత వరసగా ఎత్తదు.

మిషన్ పాడైందేమో, ఏదైనా శబ్దం లీకవుతోందేమో అనుకుని హెడ్‌ఫోన్ జాక్ పీకేశాను. ఇక అందులో ఏ చప్పుడూ రావడానికి లేదు. ఒకటి, రెండు, మూడు. చెయ్యి లేచింది.

పట్టపగలు, పక్క గదిలో డాక్టర్లు, వరండాలో పిల్లలు, అయినా ఆ గదిలో మేం ముగ్గురమే కాదేమో అనిపించింది. కవిత వైపు చూస్తే ఆమె నేల చూపులు చూస్తోంది.

భయమేస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపంలోనే ఫారం మీద రాసిపడేశాను: స్పందనలు నమ్మదగినవి కావు, మానసిక వైద్యులకు చూపించాలి. అలా రాస్తే ఆ క్యాంపులో మిషన్ ఇవ్వరు. అది తెలిసే రాశాను. కవిత కాగితం తీసుకుని, అత్త చెయ్యి పట్టుకుని తలుపు తీసింది.

సరిగ్గా అప్పుడే బయట ఆవరణలో ఆడవాళ్లు ఆ పొద్దటి మొదటి పాట ఎత్తుకున్నారు. మూడు అడుగులు, ఒక చప్పట్టు. తలుపులోంచి వింటూ ఉంటే నా వేళ్లు వాటంతటవే బల్ల మీద లెక్కపెట్టాయి. ఒకటి, రెండు, మూడు, చప్పట్టు. జాక్ పీకిన హెడ్‌ఫోన్ పెట్టుకుని నర్సమ్మ చెయ్యెత్తిన నడకే, వెంట్రుకవాసి తేడా లేదు. వాళ్లు మొదలుపెట్టడానికి పావుగంట ముందునుంచే ఆమె ఆ నడకలో ఉంది.

బయటికి పరుగెత్తాను. నర్సమ్మ వాళ్లకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి, ఒక్కతే చప్పట్లు కొడుతోంది. కాసేపటికి వాళ్ల పాట అయిపోయింది. ఆమె చప్పట్లు మాత్రం ఆగలేదు. ఇద్దరు ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. కవిత అత్త రెండు చేతులూ కలిపి పట్టేసుకుంది.

"సద్దుల బతుకమ్మ అయ్యేదాక ఇంట్ల పెట్టి తాళమేస్తం మేడం. గాలి సోకిందని గల్లీ అంత అంటున్రు. మీరు గూడ దిమాగ్ ఖరాబ్ అనే రాసిన్రు గదా."

"నేనట్ల రాయలేదు."

"మరేం రాసిన్రు?"

వంగి, నర్సమ్మ ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి, మొదటే అడగాల్సిన మాట అప్పుడు అడిగాను.

"పెద్దమ్మా, ఏం ఇనొస్తుంది నీకు?"

"మా అక్క పాడుతుంది బిడ్డా" అంది. నన్ను జాలిగా చూసి, "నీకు ఇనొస్తలేదా?" అంది.

అక్క పేరు బాలమణి. ఆ గల్లీలో బతుకమ్మకు పాట ఎత్తుకునేది ఆమే. బతుకమ్మ పాటకు ఒక పద్ధతుంది. ఒకరు చరణం చెబుతారు, మిగతావాళ్లంతా అందుకుంటారు. బాలమణి చరణాన్ని అందరికంటే ముందు అందుకునే గొంతు నర్సమ్మది. అక్క పోయి ఆరేళ్లు. తర్వాత నర్సమ్మకు చెవులు మందగించాయి. లోకం చప్పుడంతా తగ్గిపోయాక, రెండేళ్ల కిందట అక్క పాట మొదలైంది.

ఇది పిచ్చి కాదు. చెవి నుంచి శబ్దం అందకపోతే మెదడు ఊరుకోదు, తనకు తెలిసిన పాటలతో ఆ ఖాళీ నింపుకుంటుంది. మ్యూజికల్ ఇయర్ సిండ్రోమ్ అంటారు. కాలేజీలో పరీక్షకు చదివి మార్కులు తెచ్చుకున్న విషయమే. ఎదురుగా వచ్చి కూర్చుంటే మాత్రం దయ్యాన్ని చూసినట్టు చూశాను. సిగ్గేసింది. ఆ కాగితం కవిత చేతిలోంచి లాక్కుని చింపేశాను.

మళ్లీ కూర్చోబెట్టాను. ఈసారి టోన్లు రెండు, మూడు, నాలుగు చొప్పున గుంపులుగా పంపాను. "అక్క పాటను పాడనియ్. మిషన్ ఎన్నిసార్లు కూస్తే అన్ని వేళ్లు సూపు" అన్నాను. గట్టిగా పంపినవాటిలో ఒక్కటీ తప్పలేదు, తగ్గిస్తే మాత్రం అందలేదు. రెండు చెవుల్లోనూ వినికిడి బాగా పోయింది. మిషన్ పెట్టాల్సిన కేసే.

"అయితె గాలి గాదా మేడం?" కవిత లేచి నిలబడింది. "పోయిన నెల ఆటో ఎంత హారన్ గొట్టినా జరగలే. జరంతల తప్పింది. గా ఫికర్‌తోనే తాళమంటున్న గని, నాకేమన్న సంబురమా?"

అప్పటిదాకా ఆమెను గయ్యాళి అనుకున్నాను. అదీ తప్పే.

మిషన్ అరచేతిలో పెట్టి చూపిస్తే నర్సమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది పెడితె అక్క పోతదా?"

అబద్ధం చెప్పొచ్చు. క్యాంపుల్లో చిన్నాచితకా అబద్ధాలు నడుస్తాయి. చెప్పబుద్ధి కాలేదు. "పోవచ్చు పెద్దమ్మా."

"అంటే తాళమేసుకొని అక్కతోని ఉండాల్నా, అక్క లేకుండ బయట తిరగాల్నా. గంతేనా?"

ఫొటో కోసం లోపలికి రాబోయిన క్యాంపు కమిటీ సేఠ్ ముఖం మీదే తలుపు వేసి వచ్చాను. అప్పటికి నర్సమ్మ చెవి నాకందేలా తల వంచి ఉంది. మిషన్ పెట్టి ఆన్ చేశాను. ఫ్యాన్ చప్పుడుకు ఉలిక్కిపడింది. కవిత "అత్తమ్మా" అంటే తిరిగి చూసింది. తర్వాత ఎవరినో వెతుకుతున్నట్టు గది నాలుగు మూలలూ చూసింది.

"ఆపేసింది" అంది. "చరణం నడుమల్నే ఆపేసింది."

మొదటిసారి మిషన్ పెట్టుకుని నవ్వినవాళ్లను, సంతోషంతో ఏడ్చినవాళ్లను ఎందరినో చూశాను. నా చేతుల మీదుగా ఒక మనిషి మళ్లీ చచ్చిపోవడం మాత్రం అదే మొదలు.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా ఆ గల్లీకే వెళ్లాను. మాది చర్చికి వెళ్లే కుటుంబం, ఇంట్లో బతుకమ్మ పేర్చరు. చిన్నప్పుడు గేటు పట్టుకుని చూసేదాన్ని, ఆ రోజూ అలాగే ఒక పక్కకు నిలబడ్డాను. తంగేడు, గునుగు, బంతిపూల బతుకమ్మల చుట్టూ ఆడవాళ్లు చేరుతున్నారు. నర్సమ్మ నన్ను చూసి వచ్చింది. మిషన్ తీసి నా అరచేతిలో పెట్టింది. "గీ పొద్దు ఒక్కటే" అంది.

వెళ్లి వరసలో నిలబడి, చప్పట్లు కొడుతూ ఒక చరణం పాడింది. ఆగింది. మళ్లీ పాడింది, మళ్లీ ఆగింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. అంతలో ఒక ముసలామె, "అది బాలమణి జాగ, సప్పుడు చెయ్యకున్రి" అంది. నర్సమ్మ పాడుతున్నది అందుకునే చరణం. ఎత్తుకునే చరణం ఆ గల్లీలో ఇప్పుడు ఎవరికీ రాదు. తర్వాతి చుట్టులో ఆ ఖాళీ దగ్గర అందరూ నోళ్లు మూసుకుని చప్పట్లు మాత్రం కొట్టారు. ఖాళీ అయిపోగానే నర్సమ్మతో కలిసి అందుకున్నారు. అంతమంది ఆడవాళ్లు, ఎవరూ పాడని చరణానికి జవాబు పాడుతూ తిరిగారు.

నా గుప్పిట్లో మిషన్ సన్నగా కూసింది. ఆన్‌లో ఉన్న మిషన్‌ను గుప్పిట్లో మూస్తే అలాగే కూస్తుంది, ఫీడ్‌బ్యాక్ అంటాం. నాకు తెలుసు. అయినా గుప్పిలి విప్పేశాను.

బతుకమ్మలను నీళ్లలో సాగనంపడానికి ఎత్తుకున్నప్పుడు నర్సమ్మ వచ్చి చెవి ఇటు పెట్టింది. "ఇగ పెట్టు బిడ్డా. బతుకమ్మను పంపినట్టె అక్కను గూడ పోయి రమ్మన్న. ఏడాదికి ఒక్కపారి వస్తె సాలు."

అప్పటినుంచి "ఏం వినబడుతోంది" అని అడగకుండా ఎవరి ఫారం మీదా "నమ్మదగినవి కావు" అని రాయలేదు. ఏటా సద్దుల బతుకమ్మనాడు వెళ్లి నర్సమ్మ మిషన్ పట్టుకుని నిలబడతాను. నిరుడు ముందే బ్యాటరీ తీసేశాను, కూయకుండా. ఆ ఖాళీ దగ్గర అందరూ ఆగినప్పుడు నేనూ ఊపిరి బిగబట్టి విన్నాను. చప్పట్లు తప్ప నాకేమీ వినబడలేదు.

పక్కనున్న కవిత నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ముఖం పాలిపోయింది.

"మేడం, ఇప్పుడెవరన్న పాడిన్రా?"

లేదనబోయి ఆగాను. ఆమె చెవి దగ్గరికి వంగి అడిగాను.

"నీకేం ఇనొచ్చింది, చెప్పు."