ఎక్స్‌రే తీయించమని వెళ్తే

మా అమ్మాయి రెండో క్లాసు. కొన్ని వారాలుగా విరేచనం సరిగ్గా అవక కడుపునొప్పని ఏడుస్తోంది. ఈ రోజు ధవళేశ్వరం నుంచి రాజమండ్రి తీసుకెళ్లి పిల్లల డాక్టరుగారికి చూపించాను. "ఒక ఎక్స్‌రే తీయించండి మేడమ్, లోపల ఏముందో తెలిసిపోతుంది" అన్నాను.

ఆవిడ పొట్ట నొక్కి చూసి, "దీనికి ఎక్స్‌రే అక్కర్లేదండి, పాపనే అడుగుదాం" అని దాన్ని దగ్గరికి తీసుకున్నారు. "స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్తావా అమ్మా?"

అది నా వైపోసారి చూసి మెల్లగా చెప్పింది. "వెళ్లనండి. తలుపుకి గడియ లేదు. ఎవరైనా వచ్చేస్తారని ఆపుకుంటాను."

రోజూ లంచ్ బాక్సు ఖాళీ చేసిందో లేదో చూసే నాకు, ఈ సంగతి అడగాలని తట్టనే లేదు.

డాక్టరుగారు సిరప్ రాశారు. వస్తూ దారిలోనే స్కూలుకి ఫోన్ చేస్తే, రేపే గడియ పెట్టిస్తామన్నారు. సాయంత్రం మా ఇంట్లో గడియ ఉన్నా సరే, నన్ను బాత్రూమ్ బయట కాపలా కూర్చోబెట్టింది. "అమ్మా, ఉన్నావా?" "ఉన్నానమ్మా." చాలాసేపటికి లోపల్నుంచి "అయిపోయిందోచ్!" అని కేక.

దానికి ఫస్ట్ ర్యాంక్ వచ్చినా ఇంత సంతోషపడనేమో. మీ పిల్లల్నీ ఒకసారి అడిగి చూడండి, ఏం చెప్పారో నాకూ చెప్పండి.